డిజిటల్ పోర్ట్రెయిట్‌లో పోలిక వస్తోంది, భావం రావడం లేదు: డ్రాయింగ్ మాస్టారి ప్రశ్నకు జవాబు

నమస్తే మాస్టారూ. మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో 9వ తరగతికి డ్రాయింగ్ చెబుతున్నారు. క్లాసులో 40 మంది. ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు 10, అన్నిటికీ మౌసులే, పెన్ ట్యాబ్లెట్ ఒక్కటే ఉంది. పిల్లలు ఫొటో మీద ట్రేస్ చేసి రంగు నింపుతున్నారు. పోలిక వస్తోంది గానీ, ముఖాలన్నీ పాస్‌పోర్ట్ ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ బ్రష్ వాడాలి, ట్రేసింగ్ మాన్పించాలా, ఎన్ని పీరియడ్లు పడుతుంది అన్నారు.

సూటిగా చెప్పాలంటే, బ్రష్ మార్చినందువల్ల భావం రాదు. కనుబొమ్మల వాలు, పై రెప్ప ఎత్తు, పెదవి మూలలు, తల వంపు: ఈ నాలుగూ రంగు వేయకముందే, అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు స్కెచ్‌లోనే తేలిపోవాలి. అక్కడ తేలని భావం తర్వాత ఎన్ని గంటలు రుద్దినా రాదు. సాఫ్ట్‌వేర్ క్రిటా చాలు, ఉచితం. ట్రేసింగ్‌ని కొలతలు పెట్టుకోవడం వరకే ఒప్పుకోండి. ఒక్కో పిల్లవాడికి 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది కావాలి, వాటిలో మొదటి రెండింట్లో కంప్యూటర్ ఆన్ చేయక్కర్లేదు.

మొదటి పీరియడ్‌కి ఒక్కొక్కరినీ చిన్న అద్దం తెచ్చుకోమనండి. ఏ4 కాగితాన్ని ఆరు గళ్లుగా మడిచి, ఒక్కో గడిలో మూడు నిమిషాల్లో తమ ముఖమే వేయాలి. ముఖం గుండ్రం, జుట్టు, చెవులు వద్దు. రెండు కనుబొమ్మలు, రెండు కళ్లు, నోటి గీత, అంతే. మామూలుగా ఉన్నప్పుడు, పగలబడి నవ్వుతున్నప్పుడు, కోపంలో, ఉలిక్కిపడ్డప్పుడు, ఏడుపు ఆపుకుంటున్నప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు: ఇవీ ఆరు గళ్లు. గీసేముందు ఆ భావం పెట్టి, వేలితో నుదురూ బుగ్గా తడిమి చూసుకోమనండి. ఏ కండ బిగుస్తోందో వేలికి తెలిస్తే చెయ్యి తప్పు గీయదు.

అద్దంలో వాళ్లు పట్టుకోవాల్సినవి ఇవి. కోపంలో కనుబొమ్మల లోపలి కొసలు కిందికి దిగి దగ్గరవుతాయి, పెదాలు సన్నబడతాయి. దుఃఖంలో అవే లోపలి కొసలు పైకి లేస్తాయి, కనుబొమ్మ బయటివైపుకి జారినట్టు కనబడుతుంది. పిల్లలు ఎక్కువగా తారుమారు చేసేది ఈ రెండే. ఉలికిపాటులో నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనబడుతుంది, మామూలప్పుడు అలా కనబడదు. నిజమైన నవ్వులో బుగ్గ లేచి కింది రెప్పను పైకి తోస్తుంది. నోరు మాత్రమే నవ్వి, కింది రెప్ప ఉన్నచోటే ఉంటే అది ఫొటోగ్రాఫర్ అడిగితే నవ్విన నవ్వు. మీ క్లాసు బొమ్మల్లో తొంభై శాతం ఇక్కడే బిగుసుకుంటున్నాయని నా నమ్మకం. ఏడుపు ఆపుకునేటప్పుడు గడ్డం మీద చర్మం గుంటలు గుంటలుగా ముడుచుకుంటుంది. ఆ ఒక్క గుర్తు పెట్టినా చూసేవాళ్లకి తెలిసిపోతుంది.

నరసాపురంలో పుట్టిన బాపు గీసిన ముఖాలు ఒకటి రెండు ఈ పీరియడ్‌లో చూపించండి. ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టమనండి. అంత తక్కువ గీతల్లో కనుబొమ్మ, రెప్ప ఎంత పని చేస్తున్నాయో పిల్లలకి చెప్పకుండానే అర్థమవుతుంది.

ఫొటో తీయడంలోనే సగం పని ఉంది. సెల్‌ఫోన్‌ని ముఖానికి రెండడుగుల దూరంలో పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కిపోతాయి. ఆరేడు అడుగుల దూరంలో నిలబడి 2 రెట్లు జూమ్ పెట్టి తీయండి. ముందు కెమెరా వద్దు. బ్యూటీ మోడ్ ఆపేయండి, అది ముందుగా చెరిపేది కింది రెప్ప మడతనే, మనకి కావలసిందీ అదే. ఫ్లాష్ వద్దు. వరండా స్తంభం పక్కనో, కిటికీ పక్కనో, వెలుగు ఒకవైపు నుంచి కొంచెం పైనుంచి పడేలా నిలబెట్టండి. వెనక తెరిచిన క్లాసు తలుపు ఉంటే లోపలి చీకటే బ్యాక్‌గ్రౌండ్ అవుతుంది. పొద్దున తొమ్మిది, పది మధ్య, లేదా సాయంత్రం మూడున్నర దాటాక మంచి వెలుగు. మిట్ట మధ్యాహ్నం ఆరుబయట తీస్తే కళ్లు రెండు చీకటి గుంటలైపోయి రెప్పలు కనబడవు.

"నవ్వరా" అనకండి. పక్కన ఫ్రెండ్‌ని నిలబెట్టి, వరద వచ్చినప్పుడు మీ వీధిలో ఏమైందో చెప్పు అనో, నిన్న మ్యాచ్‌లో ఎలా అవుటయ్యావో చెప్పు అనో అడిగించి, చెబుతుండగా వరసగా ఇరవై ఫొటోలు తీయండి. వాటిలో మాట మధ్యలో దొరికిన ముఖం ఎంచుకోవాలి. భుజాలు ఒకవైపు, ముఖం ఇంకోవైపు తిరిగి ఉండేట్టు చూడండి. ఆ ఒక్క మెలికతో పాస్‌పోర్ట్ వాలకం పోతుంది.

పిల్లల ఫొటోల విషయంలో తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఫొటోలు ల్యాబు కంప్యూటర్లోనే ఉంచి, యూనిట్ అయ్యాక తీసేయండి. వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం, ముఖాన్ని కార్టూన్‌గా మార్చే యాప్‌లకి ఎక్కించడం పూర్తిగా మాన్పించండి. ముఖ్యంగా ఆడపిల్లల ఫొటోల విషయంలో ఇక్కడ రాజీ పడొద్దు.

రెండో పీరియడ్‌లో ఆ ఫొటో చూస్తూ పెన్సిల్‌తో మూడు చిన్న స్కెచ్‌లు, ఒక్కోటి 5 బై 7 సెంటీమీటర్లు. మొదటిది రెండే టోన్లలో: వెలుగు తెల్ల కాగితం, నీడ ఒకే ముదురు బూడిద. రెండోది తల వంపు కొంచెం పెంచి. మూడోది కనుబొమ్మ, పెదవి మూల కొంచెం అతిగా. ఫొటోలో ఉన్న భావాన్ని ఉన్నది ఉన్నట్టు వేస్తే బొమ్మలో తక్కువగా కనబడుతుంది. పదో వంతు పెంచితే సరిపోతుంది, అంతకు మించితే కార్టూన్. మూడింట్లో ఏది బాగుందో పక్కవాడు చెప్పాలి, వేసినవాడు కాదు.

తల వంచినప్పుడు జరిగే పొరపాటు ఇక్కడే దిద్దండి. పిల్లలు ముఖం గుండ్రాన్ని వంచుతారు, కళ్లను మాత్రం అడ్డంగానే ఉంచేస్తారు. కనుబొమ్మల గీత, కళ్ల గీత, ముక్కు అడుగు, నోటి గీత నాలుగూ ఒకే వాలులో వంగాలి. తల కిందికి దించితే చెవులు కళ్ల కంటే పైకి వస్తాయి, పైకెత్తితే కిందికి పోతాయి. చెవి ఎక్కడుందో చూస్తే తల ఎటు వంగిందో తెలుస్తుంది.

ఇక కంప్యూటర్. ఇన్‌స్టాల్ చేయడానికి పాస్‌వర్డ్ లేకపోతే క్రిటా పోర్టబుల్ జిప్ తెచ్చుకోండి, పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసి నడపొచ్చు. లైనక్స్ అయితే యాప్ ఇమేజ్ ఫైలు ఉంది. 4 జీబీ ర్యామ్ మీద కాన్వాస్ 1240 × 1754 పిక్సెళ్లు పెట్టండి. అది ఏ4 సైజు, అంగుళానికి 150 పిక్సెళ్ల లెక్కన. ఒక్కో లేయర్ (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) సుమారు 9 ఎంబీ మెమరీ తింటుంది. అదే 300 లెక్కన 2480 × 3508 పెడితే ఒక్కో లేయర్ 35 ఎంబీ. పిల్లలు పది లేయర్లు తెరిచి, అన్‌డూ కొడుతూ పోతే సిస్టమ్ ఆగిపోతుంది. లేయర్లు నాలుగే: బ్యాక్‌గ్రౌండ్, గీత, ముఖం, జుట్టూ బట్టలూ.

ఫైలు పేరు సెక్షన్, రోల్ నంబరుతో మొదలవ్వాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి పది నిమిషాలకోసారి కంట్రోల్ ఆల్ట్ ఎస్ నొక్కించండి. అది ప్రతిసారీ కొత్త నంబరుతో వేరే ఫైలు దాస్తుంది, కిందటి దశకి వెనక్కి వెళ్లడానికీ పనికొస్తుంది.

మౌసుతో గీత గీయించకండి, ఆకారాలు వేయించండి. మౌసులో ఒత్తిడి తెలియదు, గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు వస్తుంది, అందుకే ముఖం తీగ చుట్టినట్టు ఉంటుంది. పాలిగాన్ సెలెక్షన్‌తో నీడ ఆకారం చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ వెళ్లి, రంగు నింపమనండి. నుదుటి పక్క నీడ, కంటి గుంట, ముక్కు పక్క, ముక్కు కింద, పై పెదవి, కింది పెదవి కింద, దవడ కింద, మెడ: ముఖాన్ని ఇలా ఎనిమిది పది అతుకులుగా చూడటం పిల్లలకి కొత్త, పట్టుబడ్డాక మాత్రం పెన్ ట్యాబ్లెట్ ఉన్నవాళ్ల కంటే వీళ్ల బొమ్మలే గట్టిగా నిలబడతాయి. బ్రష్ వాడాల్సి వస్తే బేసిక్-5 సైజ్ అనే గట్టి అంచు బ్రష్, టూల్ ఆప్షన్లలో చేతి వణుకు తగ్గించే స్మూతింగ్ వెయిటెడ్ మీద. ఎయిర్ బ్రష్‌ని ఐదో పీరియడ్ దాకా ముట్టనివ్వొద్దు. దాంతో మొదలుపెడితే బుగ్గలు బెలూన్లవుతాయి, ఎముక ఎక్కడుందో తెలియదు.

ఉన్న ఒక్క పెన్ ట్యాబ్లెట్‌ని బాగా వేసే ఒకడికే కట్టబెట్టకుండా, చివరి దశలో కళ్లూ జుట్టు అంచులూ వేసేటప్పుడు అందరికీ కొద్ది నిమిషాల చొప్పున తిప్పండి. ఇంట్లో ఫోన్ మీద ఐబిస్ పెయింట్ వాడతామనే వాళ్లని వాడనివ్వండి, అందులోనూ వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఉంది, పద్ధతి ఇదే.

ట్రేసింగ్ సంగతి. ఫొటోని అడుగు లేయర్‌లో 20 శాతం ఒపాసిటీతో (లీలగా కనబడేట్టు) పెట్టి, తొమ్మిది గుర్తులు మాత్రం పెట్టనివ్వండి: తల పైభాగం, గడ్డం, రెండు కళ్ల నాలుగు మూలలు, ముక్కు అడుగు, రెండు పెదవి మూలలు. ఆ వెంటనే ఆ లేయర్ డిలీట్. తర్వాత ఫొటో పక్కనే ఉండాలి, కింద కాదు. క్రిటాలో రిఫరెన్స్ ఇమేజ్ టూల్‌తో కాన్వాస్ పక్కన పెట్టుకోవచ్చు. పూర్తిగా ట్రేస్ చేసినవాడి కన్ను ఫొటో అంచు వెంబడి పోతుంది. కానీ భావం చూపించేవి చాలావరకు అంచులు లేనివే: బుగ్గ ఉబ్బు, కింది రెప్ప కింద మెత్తటి నీడ, కనుబొమ్మల మధ్య ముడి. వాటికి గీత ఉండదు కాబట్టి ట్రేసింగ్‌లో అవి రాలిపోతాయి. మీ పిల్లల బొమ్మల్లో పోలిక ఉండి జీవం లేకపోవడానికి కారణం ఇదే.

కొలతలు గుర్తుంచుకోవడానికి: కళ్లు తల ఎత్తుకి సగంలో ఉంటాయి. పిల్లలు నుదురు పట్టించుకోక కళ్లను పైకి తోసేస్తారు. ముఖం వెడల్పు ఐదు కళ్లంత. జుట్టు మొదలు నుంచి కనుబొమ్మ, అక్కడి నుంచి ముక్కు అడుగు, అక్కడి నుంచి గడ్డం సుమారు సమానం. ఇవి ఎదురుగా చూసే ముఖానికే. తల తిప్పినా వంచినా మారిపోతాయి, అప్పుడు ఫొటోనే నమ్ముకోవాలి.

కన్ను గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువ బొమ్మలు చెడేది దాని దగ్గరే. ముఖం వెడల్పు 600 పిక్సెళ్లు అనుకుంటే ఒక్కో కన్ను 120, నల్లగుడ్డు 45 నుంచి 50. ముందు కంటి గుంటంతా, కనుబొమ్మ నుంచి కింది రెప్ప దాకా, చర్మం కంటే ఒక మెట్టు ముదురు రంగు ఒకే అతుకుగా వేయాలి. దాని మీద పై రెప్ప అంచు లావుగా, ముదురుగా ఒకే ఆకారం. తెల్లగుడ్డుకి తెలుపు ఎప్పుడూ వాడొద్దు. దాని మీద రెప్ప నీడ పడుతుంది కాబట్టి అది బూడిద కలిసిన గోధుమ, బుగ్గ మీది వెలుగు రంగు కంటే తెల్లగా ఉండకూడదు. నల్లగుడ్డు పూర్తి గుండ్రంగా కనబడకూడదు, మామూలు చూపులో పై రెప్ప దాన్ని 6 నుంచి 8 పిక్సెళ్లు కప్పుతుంది, అడుగు కింది రెప్పకి తాకుతుంది. ఆ 8 పిక్సెళ్లని 15 చేయండి, మనిషి అలిసిపోయాడు. సున్నా చేసి పైన కాస్త తెలుపు చూపించండి, భయపడ్డాడు. మన కళ్లు ముదురు గోధుమ కాబట్టి నడిమి పాపని వేరే గుండ్రంగా గీయక్కర్లేదు, నల్లగుడ్డు పై మూడో వంతు ఇంకా ముదురు చేస్తే చాలు. చివరికి మెరుపు చుక్క ఒక్కటి, వెలుగు వచ్చే వైపు, రెండు కళ్లలోనూ ఒకే చోట. పిల్లలు ఎడమ కంట్లో ఎడమవైపు, కుడి కంట్లో కుడివైపు పెడతారు, అప్పుడు చూపు చెదిరిపోతుంది. వెంట్రుకల్లా రెప్పల మీద గీతలు గీయనివ్వొద్దు.

నోటి మూల కూడా అంతే సున్నితం. 600 పిక్సెళ్ల ముఖంలో పెదవి మూల 5 పిక్సెళ్లు పైకీ బయటికీ జరిగితే చిరునవ్వు, 5 కిందికి జరిగితే చిన్నబుచ్చుకోవడం. వేసేసిన తర్వాత భావం సరిపోలేదనిపిస్తే మొత్తం చెరపక్కర్లేదు: మూల చుట్టూ సెలెక్ట్ చేసి కంట్రోల్ టి, లిక్విఫై మోడ్, మెల్లగా తోయడం. ఒకటి తోస్తే రెండోదీ తోయాలి గానీ అదే కొలతలో వద్దు, ఎవరి నవ్వూ రెండువైపులా సమానంగా ఉండదు. అందుకే ఒకవైపు గీస్తే రెండోవైపూ అదే పడే సిమెట్రీ టూల్‌ని ఈ యూనిట్ మొత్తానికీ నిషేధించండి. ఎం కీ నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడి కనబడుతుంది, అది వేరు, అది తప్పులు పట్టుకోవడానికి. పది నిమిషాలకోసారి నొక్కించండి. నవ్వే నోట్లో పళ్లని ఒక్కొక్కటిగా గీయకుండా ఒకే లేత అతుకుగా ఉంచి, మూలల్లో చీకటి పెడితే చాలు.

జూమ్ విషయంలో కచ్చితంగా ఉండండి. ఐదో పీరియడ్ దాకా 100 శాతం దాటకూడదు. 400 శాతంలో కంటి మీద అరగంట కూర్చున్నవాడికి ఆ కన్ను ఎవరి ముఖంలో ఉందో తెలియకుండా పోతుంది. విండో మెనూలో న్యూ వ్యూ తెరిచి, చిన్న సైజులో మొత్తం బొమ్మ పక్కన కనబడేట్టు పెట్టించండి.

రంగు దగ్గర నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది: పిల్లలు తమ రంగుని తామే తెల్లబరుస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే "స్కిన్ టోన్" పట్టీలు చాలావరకు తెల్లదొరల చర్మానికి చేసినవి, గులాబీ కలిసినవి. పైగా నల్లగా వేస్తే బొమ్మ బాగోదేమో, ఎవరైనా నవ్వుతారేమో అన్న బెరుకు. ఎండలో తిరిగే పల్లె పిల్లవాడు, రొయ్యల చెరువు దగ్గర పనిచేసే నాన్న, కొబ్బరి పీచు వడికే అమ్మమ్మ: వీళ్లని పాలమీగడ రంగులో వేస్తే ఆ బొమ్మ వాళ్లది కాదు. మానిటర్ పక్కన చెయ్యి పెట్టించి, ఆ రంగు కలిసేదాకా స్లైడర్లు జరిపించండి. నల్లటి చర్మం చిత్రకారుడికి ఇచ్చేంత మెరుపు తెల్లటి చర్మం ఇవ్వదని బొమ్మలోనే చూపించండి.

హెచ్‌ఎస్‌వి స్లైడర్లలో మొదలుపెట్టడానికి అంకెలు ఇస్తాను, హ్యూ (ఏ రంగు), శాచురేషన్ (రంగు గాఢత), వాల్యూ (ఎంత వెలుగు) వరసలో. చామనఛాయకి వెలుగు 26, 48, 78. మధ్య రంగు 20, 55, 58. నీడ 14, 58, 36. బాగా లోతు 8, 50, 20. నల్లని ఛాయకి వెలుగు 24, 50, 58. మధ్య 18, 55, 40. నీడ 12, 55, 24. లోతు 10, 45, 13. వీటిలో గమనించాల్సింది, నీడలోకి పోతున్నకొద్దీ హ్యూ ఎరుపు వైపు జరుగుతోంది. నలుపు కలిపి నీడ చేస్తే ఆ జరుగుడు ఉండదు, ముఖానికి మసి పూసినట్టు ఉంటుంది. అందుకే ప్యాలెట్‌లోంచి నలుపే తీసేయండి. నల్లని ఛాయలో నుదురు, ముక్కు కొస, బుగ్గ ఎముక మీద మెరుపు చిన్నదిగా, గట్టి అంచుతో, శాచురేషన్ 15కి తగ్గించి, వాల్యూ 80 దాకా పోనివ్వొచ్చు. చామనఛాయకి ఆ మెరుపు ఇంకా మెత్తగా, వెడల్పుగా ఉంటుంది.

దీని మీద చిన్న చిన్న మార్పులు: ముక్కు, చెవులు, బుగ్గలు కాస్త ఎరుపు. నుదురు కాస్త పసుపు. గీసిన గడ్డం ఉన్న మగవాళ్లకి దవడ చుట్టూ శాచురేషన్ తగ్గి బూడిదగా ఉంటుంది. తెల్ల చొక్కా కాలరు దవడ కిందికి వెలుగు తిప్పికొడుతుంది. వరిచేను గట్టున తీసిన ఫొటో అయితే దవడ కింద లేత ఆకుపచ్చ కనబడుతుంది, ఎర్ర గచ్చు అరుగు మీద కూర్చుంటే ఎర్రగా. ఆ తిప్పికొట్టిన వెలుగు ఎంత ఉన్నా, వెలుగు వైపు ఉన్న మధ్య రంగు కంటే ముదురుగానే ఉండాలి, లేకపోతే ముఖం గుండ్రం విరిగిపోతుంది. పసుపు రాసుకున్న ముఖానికి బుగ్గల దగ్గర హ్యూ 35 దాకా పోతుంది. బొట్టు కూడా ముఖంతో పాటే తిరుగుతుంది: పక్కకి తిరిగిన ముఖంలో అది గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. నీడలో ఉంటే ముదురు ఎరుపు. పచ్చి ఎరుపు గుండ్రం పెడితే స్టిక్కర్ అంటించినట్టు ముఖం మీద తేలుతుంది.

బూడిద టోన్లలో పూర్తిచేసి పైన కలర్ మోడ్ లేయర్ పెట్టి రంగు వేయడం సులువని కొందరు చెబుతారు. చేయొచ్చు, కానీ ఎక్కడ చూసినా ఒకే హ్యూ వచ్చి చర్మం పాలిపోతుంది. దాని మీద మళ్లీ నేరుగా రంగు వేయక తప్పదు. మీకున్న ఎనిమిది పీరియడ్లలో, పైన చెప్పిన వెలుగు, మధ్య, నీడ, లోతు అనే నాలుగు రంగులతో నేరుగా వేయడమే మేలు. టోన్ సరిగా ఉందో లేదో చూడాలంటే అన్నిటికంటే పైన ఒక లేయర్‌ని బూడిద రంగుతో నింపి, బ్లెండింగ్ కలర్ మోడ్‌లో పెట్టండి. బొమ్మంతా నలుపు తెలుపు అవుతుంది. కన్ను మూసినట్టు ఆ లేయర్‌ని ఆపుతూ వేస్తూ చూసుకోవచ్చు.

అంచుల విషయం కొద్దిగా. ముక్కు నీడ, రెండు పెదాల మధ్య గీత, పై రెప్ప, వీటికి గట్టి అంచు. బుగ్గ, నుదుటి పక్క, గడ్డం గుండ్రానికి మెత్తటిది. మౌసుతో మెత్తటి అంచు కావాలంటే ఐ కీతో బ్రష్ ఒపాసిటీ 50 శాతానికి దించి రెండు రంగులు కలిసేచోట ఒక్కసారి వేసి, వచ్చిన మధ్య రంగుని కంట్రోల్ నొక్కి క్లిక్ చేసి తీసుకుని, ఓ కీతో మళ్లీ 100కి పెంచి సన్నటి పట్టీగా వేయాలి. స్మడ్జ్ టూల్‌తో రుద్దితే టోన్లన్నీ బురదవుతాయి.

జుట్టు ఒకే ముద్ద. కొబ్బరి నూనె రాసిన జుట్టుకి మెరుపు అడ్డంగా ఒక పట్టీలా పడుతుంది, ఆ పట్టీ ఒకటి, నుదుటి దగ్గర జారిన వెంట్రుకలు నాలుగైదు, చాలు. ముసలివాళ్ల ముఖం ఎంచుకున్నవాళ్లు ముడతలన్నీ గీతలుగా గీస్తారు. మూడే ఎంచుకోమనండి, ఒక్కో ముడతా పక్కపక్కన ఒక వెలుగు, ఒక నీడగా ఉండాలి.

రాజమండ్రి తీసుకెళ్లే వీలుంటే దామెర్ల రామారావు చిత్రశాల చూపించండి. 1897లో ఆ ఊళ్లోనే పుట్టి, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్లో చదివి, 1925లో ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు. అక్కడ ఒక్కొక్కరూ ఒక ముఖం ఎదురుగా నిలబడి, అంచు ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ వెనక రంగులో కలిసిపోయింది అనేది నోట్‌బుక్కులో గుర్తుపెట్టుకు రావాలి. తిరిగొచ్చాక స్క్రీన్ మీద అంచులు చెబితే ఎక్కుతాయి.

పది కంప్యూటర్లకి 40 మంది ఎలా అంటే, ఇరవై మందిని ల్యాబులో సిస్టమ్‌కి ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, మిగతా ఇరవై మందికి క్లాసులో అద్దం, పెన్సిల్ పని ఇవ్వండి. మర్నాడు తారుమారు. అంటే కంప్యూటర్ మీద ఒక్కో బ్యాచ్‌కి ఆరేసి పీరియడ్లు, మొదటి రెండింటితో కలిపి టైంటేబుల్లో మొత్తం పద్నాలుగు. ఇద్దరిలో ఒకడు 18 నిమిషాలు వేస్తుంటే రెండోవాడు ఊరికే కూర్చోకూడదు: ఎం కీ నొక్కించడం, సేవ్ చేయించడం, "కనుబొమ్మ దిగలేదు" అని చెప్పడం అతని పని, అవసరమైతే ఆ భావం పెట్టి మోడల్‌గా కూర్చోవాలి. ఆరు పీరియడ్లలో మొదటిది గుర్తులు, రెండు టోన్ల అతుకులు. రెండోది, మూడోది నాలుగు రంగులతో వేయడం. నాలుగోది కళ్లూ నోరూ. ఐదోది అంచులు, జుట్టు, బట్టలు. ఆరోది దిద్దుబాటు. వెనకబడిన వాళ్లకి బట్టలూ బ్యాక్‌గ్రౌండూ ఒకే రంగులో వదిలేయమనండి, ముఖం మాత్రం తొందరపెట్టొద్దు.

మార్కులకి పోలికని పెద్ద కొలతగా పెట్టకండి. 100లో 40 భావానికి, 25 వెలుగు నీడలకి, 20 నిర్మాణానికి, 15 అంచులకి ఇస్తే పిల్లల శ్రద్ధ సరైన చోటికి మళ్లుతుంది. భావానికి పరీక్ష ఇలా: పేరు చెప్పకుండా బొమ్మను పక్క సెక్షన్ వాళ్లకి చూపించి, ఒక్కొక్కరినీ ఒక్క మాట రాయమనండి. "కోపం", "చిరాకు", "మండిపడుతున్నాడు" అని దగ్గర మాటలు వస్తే బొమ్మ పలికినట్టే. "బాగుంది" అనో "అబ్బాయి" అనో రాస్తే కనుబొమ్మల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. బొమ్మ కింది సగం కాగితంతో మూసి కూడా చూడండి. కళ్లలోనే భావం తెలియకపోతే నోరొక్కటే మోస్తోందన్నమాట.

ప్రింట్‌కి ముందు రెండు జాగ్రత్తలు. స్క్రీన్ మీద కనిపించినదానికంటే కాగితం మీద ముదురుగా వస్తుంది, మన ఛాయల్లో నీడలన్నీ ఒకే ముద్దయిపోతాయి. కాపీ ఫైలు తీసి కంట్రోల్ ఎల్, లెవెల్స్‌లో మధ్య స్లైడర్ 1.15 నుంచి 1.2 దాకా జరిపి, ముందు 4 × 6 సైజులో ఒకటి తీయించి చూడండి. రెండోది, ఇంక్‌జెట్ ప్రింట్లు మన తేమకి ఆగవు, వానాకాలంలో రంగు ఊరుతుంది. ఫొటో స్టూడియో ల్యాబులో 8 × 12 తీయిస్తే గోడ మీద నిలుస్తాయి. మన కాన్వాస్ ఆ కాగితం కంటే కాస్త వెడల్పు కాబట్టి రెండు పక్కలా 35 పిక్సెళ్ల చొప్పున కత్తిరింపులో పోతుంది. చెవులూ, సంతకమూ ఆ అంచుల్లోకి రాకుండా మొదటి రోజే రెండు పక్కలా గైడ్ గీతలు పెట్టించండి. జెపెగ్ క్వాలిటీ 95, కలర్ ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ. క్రిటా ఫైలు మాత్రం వేరేగా దాచండి, జెపెగ్‌లో లేయర్లు ఉండవు కాబట్టి పిల్లవాడు వచ్చే ఏడాది మళ్లీ తెరిచి దిద్దుకోవాలంటే అదే కావాలి.